ఒక ఛాయ ముదురు

రంగుల కొట్టు, వెనక గది
ఫిబ్రవరి 9

మహారాజశ్రీ వదినగారి సముఖానికి,

మీ మేనమామగారి ఏకైక పుత్రరత్నం, కాలేజీలో మూడేళ్ళు బెంచీలు అరగదీసి వచ్చి ప్రస్తుతం తండ్రిగారి రంగుల కొట్టులో డబ్బాల మీద దుమ్ము దులుపుతున్న పట్టభద్రుడు, చేతులు కట్టుకుని విన్నవించుకొనునది ఏమనగా: ఇక్కడ మేమిద్దరం క్షేమం. అక్కడ నువ్వూ, నువ్వు బొమ్మ వేయబోయే ఆ ఇరవై అడుగుల గుడ్డా క్షేమమని తలుస్తాను.

నువ్వు చేరీ చేరగానే చిత్రశాల వార్డెనమ్మ నీ ఫోను పుచ్చుకుని సొరుగులో పెట్టి తాళం వేసిందని చదివి నాకు కళ్ళు చెమర్చాయి. నాన్నకి మాత్రం ప్రాణం లేచొచ్చింది. డబ్బాలు కుదిపే మిషను పక్కన పాతికేళ్ళు నిలబడి చెవులు రెండూ దానికి సమర్పించుకున్న మనిషి కదా, ఫోనంటే ఆయనకి మొదటినుంచీ పడదు. "ఫోన్లో మాటా వినబడదు, రంగూ నిజం చెప్పదు. ఉత్తరాలు నువ్వు రాయి, కార్డులు నేను పంపిస్తా" అన్నాడు. కాబట్టి నేటినుంచి నేను ఆస్థాన లేఖకుణ్ణి. జీతం లేదు, బిరుదు మాత్రమే.

మొదటి కార్డు ఇందులో పెట్టాను. ఎప్పటిలాగే అరచేతిలో పట్టే అట్టముక్క, బొటనవేలితో పూసిన రంగు, వెనక ఆయన కోడిగీతలు: "రేకు మీద పావురం, మెడ దగ్గర. నీలం ఆరు చుక్కలు, గోధుమ రెండు, పచ్చ ఒకటి." దీనికోసం మీ మామయ్య నిన్న పొద్దున్నంతా రేకు వైపు మెడ ఎత్తి నిలబడ్డాడు. పావురానికి అనుమానం వచ్చి ఎగిరిపోయింది. కలిపిన తర్వాత ఇంకో పూట ఆ కార్డు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కోడిపెట్ట నయం, దానికి పిల్లైనా పుడుతుంది. "ఏం చూస్తున్నావు నాన్నా, అయిపోయింది కదా" అంటే, "తడి రంగు మాట నమ్మకూడదురా. ఆరాక ఏం చెబుతుందో అదే మాట" అన్నాడు. ఇలాంటి వేదాంతం విన్నప్పుడల్లా నేను లోపలికెళ్ళి టీ పెట్టేస్తాను.

కొద్దిగా దగ్గుతున్నాడు. టర్పెంటైను వాసనకి అంటాడు. నువ్వు కంగారు పడకు, కంగారు పడే డ్యూటీ నాది.

ఇట్లు,
మూతలేని డబ్బా


చిత్రశాల, ఉత్తరం వైపు కిటికీ
ఫిబ్రవరి 20

ఒరేయ్ మూతలేని డబ్బా,

మామయ్య నీకు పెట్టిన పేరు ఎంత సరైనదో నీ ఉత్తరం పొడవు చూస్తే తెలుస్తోంది. వార్డెనమ్మ కవరు బరువు చూసి "ఇంటి దగ్గర్నుంచి పుస్తకమా?" అని అడిగింది.

ఇది ఒకప్పుడు తాళ్ళు పేనే కార్ఖానా అట. గది పొడవుగా, రైలుపెట్టెలా ఉంటుంది. గోడల్లో ఇంకా తారు వాసన. నా గుడ్డ ఈ చివర్నుంచి ఆ చివరికి బిగించారు. జూన్ మొదటికల్లా దీన్ని ఓడరేవులో ప్రయాణికులు కూర్చునే హాల్లో గోడకి ఎక్కిస్తారు. వాళ్ళు అడిగింది సముద్రం. నేను వేస్తున్నది ఒక గ్రీకు పురాణ కథ. పేర్లు నీ నోటికి తిరగవు, కథ చెబుతాను. ఒక రాజు. ఆయన కొడుకు సముద్రం దాటి ఒక భయంకరమైన మృగాన్ని చంపడానికి నల్ల తెరచాప కట్టిన ఓడలో వెళతాడు. "బతికి వస్తే తెల్ల తెరచాప ఎత్తుకుని వస్తాను, దూరం నుంచే తెలిసిపోతుంది నాన్నా" అని మాట ఇస్తాడు. మృగాన్ని చంపుతాడు. తిరిగొస్తూ తెరచాప మార్చడం మర్చిపోతాడు. కొండ అంచున రోజూ నిలబడి చూస్తున్న తండ్రికి నల్లది కనబడుతుంది. దూకేస్తాడు. ఆ సముద్రానికి ఈనాటికీ ఆ రాజు పేరే.

ఓడ వెయ్యను, రాజుని వెయ్యను. కళ్ళు చికిలించుకుని నిలబడ్డ ఆ మనిషికి ఏ రంగులు కనబడి ఉంటాయో అవి మాత్రమే వేస్తాను. అందుకే మామయ్య కార్డులు కావాలి. నీళ్ళవి, రాళ్ళవి, నాచువి, పొగమంచువి. ఆయన కంటితో చూసినవి.

నీకొక్కడికే చెబుతున్నాను, గుడ్డ ముందు నిలబడితే చేతులు చల్లబడుతున్నాయి. అమ్మ పోయిందని కబురు వచ్చిన రోజు కుంచెలు నీళ్ళడబ్బాలో అలాగే వదిలేసి వచ్చాను. ఆ బొమ్మ సగంలోనే బీటలు వారిపోయింది. ఆ తర్వాత మూడేళ్ళు నీ పక్కన నిలబడి డబ్బాలకి లేబుళ్ళు అంటించాను. మామయ్య ఒక్కమాట అనలేదు. కానీ రోజూ ఒక కార్డు కలిపి నా బల్ల మీద పెట్టేవాడు. నేను తాకేదాన్ని కాదు. అయినా పెట్టేవాడు. ఆ కార్డులే నన్ను ఇక్కడిదాకా తెచ్చాయి. మళ్ళీ చెయ్యి ఆగిపోతే ఇంక మొదలవదని నాకు తెలుసు.

దగ్గు సంగతి డాక్టరుకి చూపించు. టీ పెట్టడం నీ వేదాంతం కానివ్వకు.

మీ వదిన


ఆసుపత్రి, రెండో అంతస్తు, కిటికీ పక్క మంచం
మార్చి 2

వదినగారికి,

చిరునామా చూసి గుండెలు బాదుకోకు. మీ మేనమామగారు మూడు రోజులకని ఇక్కడ విడిది చేశారు. ఊపిరితిత్తుల ఫొటోలు తీస్తున్నారు. ఆయన ఫొటో తీయించుకోవడం పెళ్ళి తర్వాత ఇదే మొదలు. ఇద్దరం క్షేమం. ఒకరం కాస్త తక్కువ క్షేమం, అంతే.

నీ రాజుగారి కథ పెద్ద గొంతుతో చదివి వినిపించాను, అంటే వార్డంతా విన్నది. పక్క మంచం పెద్దాయన "ఆ కుర్రాణ్ణి తన్నాలి" అన్నాడు. నర్సు "పాపం" అంది. నాన్న కళ్ళు మూసుకుని పడుకున్నాడు. నేను నిద్రపోయాడనుకున్నాను. అప్పుడు చెప్పాడు: "ఆ అబ్బాయి తెరచాప మార్చే ఉంటాడురా. సముద్రంలో తుంపర పడి తడిసి ఉంటుంది. తడిస్తే తెల్లగుడ్డ కూడా నల్లబడే కనబడుతుంది. ఆ రాజు తొందరపడ్డాడు. ఆరేదాకా ఆగాల్సింది."

నేను కాలేజీలో చదివినదంతా కలిపినా ఈ మాటకి సరితూగదు. ఈ సంగతి ఆయనకి చెప్పకు, జీతం అడుగుతాడు.

కార్డు ఇక్కడే కలిపాడు. కొట్టునుంచి మూడు సీసాలు జేబులో పెట్టుకుని తెమ్మన్నాడు. దొంగసరుకులా తెచ్చాను. నర్సు పట్టుకుంది. "ఇక్కడ మందులు తప్ప ఇంకేం కలపకూడదు" అంటే, "ఇదీ మందేనమ్మా, నాకు కాదు, మా మేనకోడలికి" అన్నాడు. కార్డు ఒక రోజంతా మాత్రల ట్రేలో ఆరింది. వెనక రాత కొంచెం వంకర పోయింది, పడుకుని రాశాడు: "కిటికీ బయట పొగమంచు, ఎండ రాబోతుండగా."

ఇట్లు,
మూతలేని డబ్బా


చిత్రశాల
మార్చి 12

ఒరేయ్,

మామయ్య మాట గోడ మీద బొగ్గుతో రాసుకున్నాను: ఆరేదాకా ఆగాల్సింది. ఇన్నాళ్ళూ నేను ఆ బొమ్మని కొడుకు తప్పు గురించి అనుకున్నాను. మామయ్య దాన్ని చూపు గురించి చేసి పెట్టాడు. నాలుగు అడుగులు చెరిపేసి మళ్ళీ వేశాను. పొగమంచు కార్డు చూసి కలిపితే ఎక్కడా తేడా రాలేదు. సగం గుడ్డ నిండింది.

ఇప్పుడు హాస్యాలు పక్కన పెట్టు. ఫొటోలో ఏముంది? మూడు రోజులని వెళ్ళినవాళ్ళు ఇంటికి వచ్చేశారా? ఒక్కమాట రాయి, వచ్చేస్తాను. గుడ్డ ఎక్కడికీ పారిపోదు.

మీ వదిన


రంగుల కొట్టు, షట్టరు దించి
మార్చి 19

వదినా,

ఈ ఉత్తరం పోస్టు చెయ్యను. చెయ్యను కాబట్టి ఎలాగైనా రాయొచ్చు.

మొన్న మంగళవారం మధ్యాహ్నం నాన్న పోయాడు. ఆసుపత్రిలోనే. నేను కింద కాఫీకి వెళ్ళి వచ్చేసరికి. రెండు కప్పులు తెచ్చాను.

నీ ఉత్తరం అంతకు ముందురోజే అందింది. చదివి వినిపించాను. "ఒక్కమాట రాయి, వచ్చేస్తాను" దగ్గర చెయ్యి ఎత్తి ఆపమన్నాడు. "రాయకు" అన్నాడు. "పోయినసారి కబురు పంపింది నేనే. అక్కయ్య ఎలాగూ పోయింది. పిల్ల చేతిలో కుంచె కూడా పోయింది. ఆ తప్పు రెండోసారి చెయ్యను. అది పూర్తయిందని రాశాక, అప్పుడు చెప్పు." "మరి కార్డులు?" అన్నాను. "నువ్వు కలుపు" అన్నాడు. నాకా! పసుపూ నీలమూ కలిస్తే పచ్చ అవుతుందని లేబులు చూసి చెప్పేవాణ్ణి. "అడిగితే ఏం చెప్పను నాన్నా?" అంటే నవ్వాడు. "ఇరవైమూడేళ్ళుగా ఖాళీగా వాగుతూనే ఉన్నావు కదరా. ఇంకో మూడు నెలలు పనికొచ్చేలా వాగు."

నేను మాట ఇచ్చాను.

జరగాల్సినవన్నీ జరిపించాను. చాలామంది వచ్చారు. అందరికీ టీ ఇచ్చాను. ఎవరో "ఇంత చిన్న వయసులో" అని మొదలుపెడితే ఏదో జోకు వేశాను, ఏం జోకో గుర్తులేదు, నవ్వారు. నేను ఇప్పటిదాకా ఏడవలేదు. ఏడుపు ఎక్కడ పెట్టానో కనబడటం లేదు, ఈ కొట్టులో ఏ వస్తువూ పెట్టినచోట ఉండదు.

నాన్న బొటనవేలి గోరు కింద ఆ పొగమంచు రంగు అలాగే ఉండిపోయింది. నర్సు స్పిరిటు పెట్టి తుడిచింది. పోలేదు. నేనే వద్దన్నాను.

రేపు నీకు ఇంకో ఉత్తరం రాయాలి.


రంగుల కొట్టు, వెనక గది
మార్చి 24

మహారాజశ్రీ వదినగారి సముఖానికి,

ఇక్కడ మేమిద్దరం క్షేమం. నీ ఉత్తరంలో ఆ గొంతేమిటి, పోలీసు స్టేషన్లో వాంగ్మూలం తీసుకుంటున్నట్టు? ఫొటోలో ఊపిరితిత్తులున్నాయి. రెండు. లెక్క సరిపోయింది. మీ మామయ్యని ఇంటికి పంపేశారు, ఆసుపత్రి వాళ్ళకి ఆయన వేదాంతం ఎక్కువైంది.

చిన్న విషయం. వచ్చిన మర్నాడే స్టూలు జారి కుడి మణికట్టు బెణికించుకున్నాడు. కట్టు కట్టారు. అందుకని కార్డు వెనక రాత నాది. రంగు మాత్రం ఆయనదే, ఎడమచేత్తో. రాస్తే వంకర పోతుంది కానీ కలిపితే పోదట. పేరు: "వాన వెలిశాక రేకు మీద నిలిచిన నీళ్ళు." దానికోసం నిచ్చెన ఎక్కించాడు, నన్ను. పైనుంచి చూస్తే మన కొట్టు ఎంత చిన్నదో తెలిసి వినయం కలిగింది. దిగగానే పోయింది.

నువ్వు రావడం గీవడం ఏమీ వద్దంటున్నాడు. వస్తే తలుపు తియ్యడట. ఆయన మొండితనం నీకు తెలుసు.

ఇట్లు,
మూతలేని డబ్బా


చిత్రశాల
ఏప్రిల్ 2

ఒరేయ్,

కార్డు అందింది. ఒక ఛాయ ముదురుగా ఉంది. దారిలో చెమ్మ తగిలిందేమో.

నేను రావడంలేదు. నాలుగు రోజులు ఒళ్ళు బాగాలేదు, గుడ్డ జోలికి పోలేదు. వార్డెనమ్మ గదికే అన్నం పంపింది. ఇవాళ లేచి కుంచెలు కడిగాను. కడిగి చూస్తే చెయ్యి ఆడుతోంది. ఆశ్చర్యమేసింది.

నువ్వు వేళకి తింటున్నావా? కొట్టు మూశాక ఒక్కడివే కూర్చోకు. ఉత్తరాలు రాయడం మానకు. చిన్నవైనా పరవాలేదు, కార్డు మాత్రం ప్రతిసారీ పెట్టు.

ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను.

మీ వదిన


రంగుల కొట్టు, కౌంటరు
ఏప్రిల్ 13

వదినగారికి,

ఇద్దరం క్షేమం. నీ ఒళ్ళు బాగాలేదని విని నాన్న తెగ బాధపడ్డాడు. ఏదో కషాయం పేరు చెప్పాడు, నేను రాయను, దాని వాసన కవర్లోంచి కూడా వస్తుంది.

మన కొట్టు చరిత్రలో ఒక ఘోరం జరిగింది. ఒకావిడ విరిగిన కప్పు ముక్క తెచ్చి ఇదే రంగు గోడకి కావాలంది. కలిపి ఇచ్చాం. కప్పు ముక్క డబ్బాలో ముంచితే ఏది కప్పో ఏది రంగో తెలియనంతగా సరిపోయింది. నేను సగర్వంగా మూత బిగించాను. మూడోరోజు ఆవిడ మా కొట్టుకి కాదు, నేరుగా నా మీదికే వచ్చింది. గోడ ఆరాక కప్పు ఒక ఊరు, గోడ ఒక ఊరు. "మీ నాన్న చేతిలో ఇన్నేళ్ళలో ఇలా ఎప్పుడూ జరగలేదు!" అని వీధంతా వినేలా అరిచింది. నేను ఏం చెబుతాను? వయసు మీద పడుతోందమ్మా అన్నాను. నాన్నకి.

పాపం ఆయన, రోజూ కలుపుతూనే ఉన్నాడు. నిన్న సరిపోయింది ఇవాళ సరిపోదు. కారణం అంతు చిక్కడం లేదు. రంగులు మా మీద కక్ష కట్టాయి.

కార్డు: "కాలవ గట్టు మట్టి, అడుగు పడిన చోట." నేను వెళ్ళి ఒక ముద్ద తెచ్చాను. నీకు తెలుసా, మట్టిలో ఊదారంగు ఉంటుంది! ఇరవైమూడేళ్ళు దాని మీద నడిచాను, ఒక్కరూ చెప్పలేదు. అంటే, నాన్న చెప్పే ఉంటాడు. నేను టీ పెడుతూ ఉండి ఉంటాను.

ఇట్లు,
మూతలేని డబ్బా


చిత్రశాల
ఏప్రిల్ 22

ఒరేయ్,

మట్టి కార్డు బాగుంది. ముదిరింది, కానీ ఊదా ఉంది. ఊదా కనబడ్డవాడికి మిగతావి కూడా కనబడతాయి.

ఈ కింది ముక్క మామయ్యకి చదివి వినిపించు. ఆయనకి తెలిసిందే, నేను ఆయన దగ్గర నేర్చుకున్నదే. అయినా గట్టిగా, మెల్లగా, రెండుసార్లు చదువు.

నీళ్ళతో కలిపే రంగు తడి మీద లేతగా ఉంటుంది, ఆరాక ముదురుతుంది. అందుకని చూసినదానికి సరిపోయేలా కలపకూడదు. ఒక ఛాయ లేతగా కలిపి ఆపెయ్యాలి. ఆ క్షణానికి అది తప్పులాగే కనబడుతుంది. ఇంకో చుక్క వేద్దామని చెయ్యి లాగుతుంది. వెయ్యకూడదు. అక్కడే కూర్చోవాలి. ఆరేదాకా కూర్చునేది రంగుని చూడటానికి కాదు, చేతిని ఆపుకోవడానికి. ఎంత లేత అంటే చెప్పడం ఎవరివల్లా కాదు. కార్డులు పాడవ్వాలి. పాడవనీ.

చదివాక నువ్వూ ఆయన కుర్చీలో కాసేపు కూర్చో. ఆయన ఏమీ అనుకోడు.

మీ వదిన


రంగుల కొట్టు, నాన్న కుర్చీ
మే 11

వదినా,

క్షేమం.

నువ్వు రాసింది చదివి వినిపించాను. రెండుసార్లు. మెల్లగా.

కార్డులు ఆరు పాడయ్యాయి. ఏడోది ఇందులో పెట్టాను. "ఎండిన నత్తగుల్ల, లోపలి మడత." దాన్ని పెరటి గోడ కింద ఏరాను. ఒకటి కాదు, ఒక అగ్గిపెట్టె నిండా దాచి ఉన్నాయి అక్కడ, మీ మామయ్య ఎప్పుడు ఏరాడో. లోపలికి తిరుగుతూ తిరుగుతూ తెలుపు ఎక్కడ ఆగుతుందో తెలియదు. నీ బొమ్మల్లాగే. ఇన్నాళ్ళూ నీ బొమ్మలు చూసి "ఇందులో మనిషెక్కడ?" అని అడిగేవాణ్ణి కదా. చూస్తున్నవాడే ఆ మనిషని ఇప్పుడు తెలిసింది. పట్టా తిరిగిచ్చేయాలనిపిస్తోంది.

కలిపినప్పుడు తప్పులాగే కనబడింది. చెయ్యి లాగింది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. మిషను ఆపేశాను. ఇద్దరు వచ్చి పిలిచి వెళ్ళిపోయారు. మూడింటికి ఆరింది. గుల్ల పక్కన పెట్టి చూశాను. వదినా, గుల్ల కనబడలేదు.

నాన్న వైపు చూశాను. ఏమీ అనలేదు. ఆయన ఎప్పుడూ అంతే కదా, సరిపోతే ఏమీ అనడు.

డబ్బా


చిత్రశాల, ఖాళీ గోడ ముందు
మే 25

నా బంగారు మరిదికి,

బొమ్మ పూర్తయింది. నిన్న చుట్టి ఓడరేవుకి పట్టుకెళ్ళారు. ఇది పూర్తయ్యేదాకా నాకు చెప్పొద్దని ఆయనే నీ దగ్గర మాట తీసుకుని ఉంటాడు. నీ మాట నిలబెట్టుకున్నావు. ఇంక చాలు.

నాకు తెలుసురా. మణికట్టు కార్డు కవర్లోంచి తీసిన రోజే తెలిసింది. రేకు మీద నీళ్ళు తడి మీద సరిగ్గా సరిపోయి ఉంటాయి, ఆరి ముదిరిపోయాయి. మామయ్య చెయ్యి విరిగినా, కళ్ళు కట్టేసినా, ఆరని కార్డు కవర్లో పెట్టడు. ఎడమచేత్తో కలిపినా, కాలితో కలిపినా పెట్టడు. ఆయన ఆ కార్డుని కళ్ళతో చూసి ఉంటే దాన్ని బయటికి రానిచ్చేవాడు కాదు. అంటే చూడటానికి ఆయన లేడు.

ఆ నాలుగు రోజులూ జ్వరం కాదు.

నీ మీద కోపముంది. దాచను. ఆయన మీద ఇంకా ఉంది. కడసారి ఆ చేతులు చూడాల్సినదాన్ని. నా వంతు ఏడుపు నా చేతికివ్వకుండా ఇద్దరూ కూడబలుక్కున్నారు. సంచీ సర్దుకుని గుమ్మం దాకా వెళ్ళాను కూడా. కుంచెలు ఎండిపోతాయని కడుగుదామని వెనక్కి వచ్చాను, కడుగుతుంటే చెయ్యి ఆగలేదు. అమ్మప్పుడు ఆగింది. ఈసారి ఆగలేదు. రోజూ బల్ల మీద పెట్టిన కార్డులన్నీ ఎక్కడికీ పోలేదని అప్పుడు తెలిసింది. ఆయన పోయాడని కళ్ళు తుడుచుకుంటూనే ఆయన నేర్పిన పని చేశాను. ఇది ద్రోహమో కాదో నాకు ఇంకా తెలియదు.

ఎందుకు అడగలేదంటావా? అడిగితే నువ్వు నిజం చెప్పాల్సి వచ్చేది, చెప్పి వెంటనే నన్ను నవ్వించేవాడివి. ఇంకొకటి కూడా ఉంది, నా స్వార్థం. నీ ఉత్తరాల్లో ఆయన నిచ్చెన ఎక్కిస్తున్నాడు, మొండికేస్తున్నాడు, కషాయాలు చెబుతున్నాడు. కవరు వచ్చినప్పుడల్లా చింపి ఆయన్ని చూసుకునేదాన్ని. అబద్ధమని తెలిసి కూడా. ఆ తర్వాత నీ రంగులు మారడం మొదలైంది. ఆ కార్డు ఎప్పుడు సరిగ్గా ఆరుతుందా అని ఎదురు చూశాను. నత్తగుల్ల వచ్చిన రోజు బొమ్మ పూర్తయిందని అనుకున్నాను. తర్వాత వేసింది పని, అంతే.

తెరచాప ఎక్కడ అని అడుగుతావు కదా. కుడివైపు, పైన. కింద మామయ్య పొగమంచు. దాని మీద నీ కార్డులు, వచ్చిన వరసలో, ముదిరినవి ముదిరినట్టే. చివర చిటికెనవేలంత నత్తగుల్ల తెలుపు. నువ్వు తెల్లదే ఎత్తావురా. దారిలో ఆరి ఒక ఛాయ ముదిరింది. అది చూసి నేను దూకలేదు, ఆగాను. ఆయన చెప్పాడు కదా.

హాల్లో ఎదురుగా చెక్క బల్లలున్నాయి. వచ్చి కూర్చో. నేను పక్కన ఉంటాను. అక్కడ ఎవరికీ టీ ఇవ్వక్కర్లేదు, ఎవర్నీ నవ్వించక్కర్లేదు.

మీ వదిన


రంగుల కొట్టు
జూన్ 3

వదినా,

ఇక్కడ నేను ఒక్కణ్ణే.

ఈ వాక్యం రాయడానికి పొద్దున్నుంచి నాలుగు కాగితాలు పాడయ్యాయి. పాడవనీ అన్నావు కదా.

మార్చిలో రాసి పోస్టు చేయని ఉత్తరం ఒకటుంది. ఇందులో పెట్టాను. అందులో ఉన్నది ఉన్నట్టే ఉంది, నేను ఇవాళ మళ్ళీ చదవలేదు. కోపం ఉంచుకో. అది నీ వంతు. ఇప్పటికైనా నీ చేతికిస్తున్నాను.

శనివారం బండికి వస్తున్నాను. కప్పు ముక్కావిడ గోడ మళ్ళీ వేయించి వస్తాను, కలిపి పెట్టాను, ఆరింది, సరిపోయింది. ఆవిడ కొట్టుకి వచ్చి ఆరిన రంగుని ఒకసారి, నన్ను ఒకసారి చూసి, "మీ నాన్న ఉన్నట్టే ఉంది బాబూ" అంది. నేను ఏదో జోకు వెయ్యబోయాను. నోరు తెరిచాను. రాలేదు. ఆవిడ వెళ్ళేదాకా ఆగి షట్టరు దించాను. ఏడుపు ఎక్కడ పెట్టానో దొరికింది వదినా. ఆయన కుర్చీలోనే ఉంది.

ఆ తర్వాత ఒక కార్డు కలిపాను. నాన్న గోరు కింద మిగిలిన రంగు, గుర్తున్నంత మేరకు. వెనక రాత నాదే, బొటనవేలు నాదే. నీలం రెండు చుక్కలు, గోధుమ సగం, తెలుపు చాలా. నీళ్ళు ఎన్ని చుక్కలో రాయలేదు, అవి నేను కొలిచి పోసినవి కావు.

ఈ కవర్లో అది లేదు. చేతికే ఇస్తాను. ఇంకా ఆరలేదు, పక్కనే కూర్చున్నాను.